ముప్పై ఎనిమిది నంబర్లు

మే 7, బుధవారం

వచ్చింది. జిల్లా ఎడిషన్ మూడో పేజీ, నాలుగు కాలాలు, ఫోటోతో. ‘చినదిబ్బపాలెంలో 38 మందికి అందని భృతి.’ శీర్షిక నాదే. రాజమండ్రి డెస్కులో మార్చలేదు.

వేట నిషేధం మొదలై మూడు వారాలైంది. బోట్లన్నీ ఇసుక మీదే ఉన్నాయి. రెండు నెలలు సముద్రంలోకి వెళ్లనందుకు ఇచ్చే భృతి ఊళ్లో చాలామందికి పడింది, ముప్పై ఎనిమిది మందికి పడలేదు. మత్స్యశాఖ ఆఫీసులో అడిగితే అందరికీ ఇచ్చేశామన్నారు. అందుకే సంతకాల కాగితం పెట్టాను. పేరు, బోటు నంబరు, ఫోను నంబరు, సంతకం లేదా వేలిముద్ర. ముప్పై ఎనిమిది వరుసలు, నా చేతిరాతే. ఏళ్ల క్రితం నేను రాసిన కాలువ గట్టు వార్తకు అధికారి ఖండన పంపిన రోజు నుంచి ఆధారం లేకుండా నేను ఏదీ పంపలేదు. ఈసారి ఆ కాగితాన్నే ఫోటో తీసి వార్తతో వేయించాను. ఇక ఖండించలేరు.

ముప్పై ఒకటో వరుస త్రిమూర్తులుది. ఆఖరి వేటలో అతని ఫోను సముద్రంలో పడిపోయింది. గడి ఖాళీగా ఉంటే బాగోదని నా నంబరు రాశాను. ఆ ఊళ్లో ఇది మామూలే. ఫోను లేనివాడికి పక్కవాడి నంబరు.

మే 8

ఖండన రాలేదు.

మే 11, ఆదివారం

పొద్దున్నే పల్లంరాజు ఫోను. చినదిబ్బపాలెం పెద్దల్లో ఒకడు, సొంత బోటు ఉంది. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

“రాజేంద్ర గారూ, ఇంజను డబ్బులు పోయాయండి. మొత్తం పోయాయండి.”

వెళ్లాను. ఇంజను విప్పి టార్పాలిన్ మీద పరిచి ఉంది. నిషేధంలోనే బాగు చేయించుకోవాలి, తరువాత వీలుండదు. ఆ డబ్బు నిన్న సాయంత్రం ఖాతాలోంచి నాలుగు విడతల్లో వెళ్లిపోయింది. మెసేజ్ ఉన్నదున్నట్టు రాసుకున్నాను: ‘పల్లంరాజు గారూ, మీ బోటుకు వేట నిషేధ భృతి నిలిచిపోయింది. ఈ రోజు సాయంత్రం 5 గంటలలోపు ధ్రువీకరించండి.’ మధ్యలో బోటు నంబరు, తప్పు లేకుండా. కింద లింకు.

“పేరుందండి, బోటు నంబరుందండి. గవర్నమెంటుకి కాక ఇంకెవరికి తెలుస్తాదండీ? నొక్కాను. ఏదో యాప్ వేసుకోమంది, వేసుకున్నాను. అరగంటకి టింగుటింగుమని బ్యాంకు మెసేజ్‌లు.”

“ఎవర్నైనా అడగాల్సింది కదా, పల్లంరాజు గారూ.”

“ఎవర్నడుగుతామండీ. మీరు పేపర్లో రాశారు, మూడు రోజులకే మెసేజ్ వచ్చింది. ఆయ్, రాజేంద్ర గారు రాస్తే కదిలారురా అని మా ఆవిడతో కూడా అన్నాను.”

ఈ మాట రాసుకోనవసరం లేదు. రాశాను.

మరో ఇద్దరికి కూడా పోయింది. ముగ్గురి చేతా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించాను. మొదటి గంటలోనే చేసి ఉంటే ఆపే అవకాశం ఎక్కువగా ఉండేదని అటువైపు అమ్మాయి చెప్పింది. పల్లంరాజు గడియారం చూసుకున్నాడు.

మే 12

ఇంటింటికీ తిరిగి లెక్క తీశాను. మెసేజ్ ఇరవై ఇద్దరికి వచ్చింది. అందరూ భృతి పడనివాళ్లే. పడినవాళ్లలో ఒక్కరికీ రాలేదు. అంటే పడనివాళ్ల వివరాలు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ల దగ్గర నుంచే వెళ్లాయి.

ఒకటి, ఆఫీసు. రెండు, బ్యాంకు. మూడు, ఊళ్లోవాళ్ల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పెట్టిన నాగదుర్గ షాపు.

నాలుగోది లేదు.

సాయంత్రం పాఠకులకు హెచ్చరికగా పేజీలో గడి కట్టి వేసే ఒక బాక్సు రాసి డెస్కుకు పంపాను. ప్రభుత్వం పేరుతో వచ్చినా, పది అంకెల మామూలు నంబరు నుంచి వస్తే అనుమానించండి. ఈ రోజే ఆఖరు అని తొందరపెడితే అనుమానించండి. లింకు నొక్కమన్నా, యాప్ వేసుకోమన్నా ఆగండి, ఆఫీసుకు వెళ్లి మనిషిని అడగండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే గంటలోపు 1930. చివరి వాక్యం నాకు నచ్చింది: మీ పేరు తెలిసినంత మాత్రాన పంపినవాడు మీవాడు కాడు.

మే 13, మంగళవారం

నాగదుర్గ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, తిరిగినప్పుడల్లా కాగితాలు లేపే ఫ్యాను. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. ఆ ఊరి పిల్లే. కాకినాడలో డిగ్రీ చదివి వచ్చి షాపు పెట్టింది.

“రండి, కూర్చోండి. ఏం అప్లై చెయ్యాలండీ?”

“అడగడానికి వచ్చానమ్మా.”

“తెలుసండి. రెండ్రోజుల్నుంచి ఊరంతా అడుగుతానే ఉన్నారు. మీరే లేటు.”

ముప్పై ఎనిమిది దరఖాస్తుల్లో ముప్పై ఒక్కదాంట్లో ఆమె ఫోను నంబరే ఉందని ఆఫీసులో చూసి వచ్చాను. అదే అడిగాను.

“అవునండి, నాదే. ఓటీపీ వచ్చేసరికి వీళ్లెక్కడుంటారు? వల దగ్గరో, తుని మార్కెట్లోనో. ఫోను ఇంట్లో పిల్లల చేతిలో ఉంటాది. ఒక్క కాగితానికి పదిసార్లు తిప్పమంటారా? వాళ్లే అన్నారు, నీది పెట్టెయ్యవే దుర్గా అని.”

“అంటే వాళ్ల ఓటీపీలన్నీ మీకు వస్తాయి.”

“వస్తాయి. మరి నేనొకటి అడగనా? ఆఫీసులో ఉన్నది నా నంబరు. అక్కడ నుంచి లిస్టు ఎవడైనా కొట్టేస్తే ముప్పై ఒక్క మెసేజ్‌లూ నా ఫోనుకి రావాలి. ఒక్కటీ రాలేదు. వాళ్ల సొంత ఫోన్లకి ఎలా వెళ్లాయండీ?”

“వాళ్ల సొంత నంబర్లు మీకు తెలియవా?”

“పాతిక మందివి తెలుసు. ఈ ఊళ్లో పుట్టాను కదండీ.”

పాతిక మందివి తెలుసట. ఈ మాట కింద రెండు గీతలు గీశాను.

జవాబు తెలివిగా ఉంది. తయారుగా ఉంది. ఇరవై ఆరేళ్లలో నేను నేర్చుకున్నదేమిటంటే, తయారుగా ఉన్న జవాబును ముందు అనుమానించాలి.

మే 14

వార్త పంపాను. పేరు రాయలేదు. ‘గ్రామంలోని ఒక ఆన్‌లైన్ కేంద్రం’ అన్నాను. ముప్పై ఒక్క మందికి ఒకే నంబరు ఉందన్నాను. ఓటీపీలు ఆ నంబరుకే వెళ్తాయన్నాను. బాధితుల వివరాలు మోసగాళ్లకు ఎలా చేరాయో తేలాల్సి ఉందన్నాను.

ప్రతి వాక్యం నిజం. మళ్లీ చదివాను. ప్రతి వాక్యం నిజం.

మే 15

కాఫీ ఇస్తూ మా సత్యకుమారి పేపరు చూసింది.

“ఒక కేంద్రం అంటారేంటండీ? ఆ ఊళ్లో ఉన్నదే ఒకటి కదా.”

నేను పేరు రాయలేదు అన్నాను.

“రాయలేదు లెండి,” అని పేపరు మడిచి పెట్టింది.

మే 16, శుక్రవారం

పదింటికి వీధి గుమ్మం ముందు పాపాయి. నాగదుర్గ తల్లి. పదిహేనేళ్లుగా పిఠాపురంలో మా వీధికి చేపలు తెస్తుంది. నిషేధంలో ఎండుచేపలే. గంప దింపలేదు.

“ఈయేళ గంపెత్తడానికి ఎవరూ చెయ్యెయ్యలేదు బాబూ. ముగ్గుర్ని పిలిచాను. ఇనపడనట్టు ఎల్లిపోయారు. ఏం చేశానో తెలుసా? ఖాళీ గంప నెత్తినెట్టుకుని ఒక్కో చేపా పైకేసుకున్నాను. కాకులు చూసి నవ్వుకునుంటాయి.”

బరువైన గంపను నెత్తికి ఎత్తాలంటే రెండో మనిషి చెయ్యి కావాలి. ఆ ఊళ్లో ఒక కుటుంబాన్ని వెలేశారంటే మొదట ఆగేది ఆ చెయ్యే.

“షాపుకి తాళమేశారు. మంగళారం పెద్దలు కూర్చుంటారంట. తప్పొప్పుకుంటే షాపు పోద్ది. ఒప్పుకోకపోతే ఊళ్లోనే ఉండకూడదంట. మా పిల్ల ఒప్పుకోదు. నాకు తెలుసు దాని సంగతి.”

“నేను ఆమె పేరు రాయలేదు పాపాయమ్మా.”

“రాయలేదంట గదా. రాస్తే బాగుణ్ణు బాబూ. మా పేరు మాకుంటే కోర్టుకైనా ఎల్దుం. పేరు లేని మాటకి ఎవర్ని పట్టుకుంటాం?”

సత్యకుమారి లోపల నుంచి వచ్చి గంప దింపబోయింది. పాపాయి వద్దంది. దింపితే మళ్లీ ఎత్తాలి కదమ్మా అంది.

మధ్యాహ్నం 2.40. నా ఫోనుకు మెసేజ్.

‘త్రిమూర్తులు గారూ, మీ బోటుకు వేట నిషేధ భృతి నిలిచిపోయింది. ఈ రోజు సాయంత్రం 5 గంటలలోపు ధ్రువీకరించండి.’

లింకు నొక్కలేదు. స్క్రీన్‌షాట్ తీశాను.

సాయంత్రం. ఆలోచించాను. నా నంబరు నాగదుర్గ దగ్గర ఉంది. మంగళవారం నేను వెళ్లాను, శుక్రవారం ఇది వచ్చింది. నన్ను దారి తప్పించడానికి ఆమే చేయించి ఉండవచ్చు. ఇది సాధ్యమే.

సాధ్యమే.

మే 17

బయట ఉక్క. తాటిముంజలు కొన్నాను.

7వ తేదీ పేపరు తీసి భూతద్దంతో ఫోటో చూశాను. చుక్కలే. ఒక్క అంకె కూడా చదవలేం. కాబట్టి దీన్నుంచి కాదు.

మే 18, ఆదివారం

త్రిమూర్తులు పేరు పక్కన నా నంబరు ఉన్న కాగితం ప్రపంచంలో ఒక్కటే ఉంది. దరఖాస్తులో అతనికీ నాగదుర్గ నంబరే. ఈ వాక్యం శుక్రవారమే రాయగలిగేవాణ్ణి.

గణేష్‌బాబుకు ఫోను చేశాను. రాజమండ్రి డెస్కులో మా జిల్లా పేజీలు చూసేది అతనే.

“ఏడో తేదీ ఫోటో వెబ్‌సైట్‌లో ఏ సైజులో పెట్టారు?”

“మీరు పంపిన సైజులోనే సార్. ఫుల్ రిజల్యూషన్. ఆధారం క్లియర్‌గా కనపడాలని మీరే మెసేజ్ పెట్టారు కదండీ. నా దగ్గరుంది, ఫార్వర్డ్ చేయనా?”

వద్దన్నాను.

ఫోనులో తెరిచాను. రెండు వేళ్లతో పెద్దది చేశాను. నా అంకెలు గుండ్రంగా, విడివిడిగా ఉంటాయి. ఏడుకు అడ్డగీత పెడతాను, ఒకటితో కలవకుండా. ముప్పై ఎనిమిది వరుసలు. ఎవరైనా చదవగలరు. పదకొండు రోజులుగా ఎవరైనా చదవగలరు. ముప్పై ఒకటో వరుసలో నేను.

12వ తేదీ తీసిన లెక్క పక్కన పెట్టి చూశాను. మెసేజ్ వచ్చిన ఆ ఇరవై ఇద్దరూ నా కాగితంలో మొదటి ఇరవై రెండు వరుసలు. పైనుంచి కిందకి, ఒక్కటీ తప్పకుండా. పంపినవాడు ఓపికగా నా వరుసలోనే పంపాడు. మిగతా పదహారు మందికి మొన్న శుక్రవారం పంపినట్టున్నాడు.

ఆ లెక్క రాసిన రోజే ఇది చూడగలిగేవాణ్ణి. కాగితం నా బ్యాగులోనే ఉంది.

పల్లంరాజుకు ఫోను చేశాను. శుక్రవారం కూడా మెసేజ్‌లు వచ్చాయా, ఎవరైనా నొక్కారా అని.

“వచ్చాయండి. మీ బాక్సు చదివినోళ్లెవరూ నొక్కలేదండి. దుర్గే పంపుతోందంటున్నారు, తాళం పడిందని కచ్చతో.”

సరే అన్నాను.

మే 19

గణేష్‌బాబు పొద్దున్నే ఫోటో తీసేశాడు.

“అయిపోయింది సార్, ఇప్పుడెక్కడా లేదు. ఎవరూ అడగలేదు, మనమే ఎందుకు తవ్వుకోవడమండీ? ఆ అమ్మాయి పేరు కూడా మనం వెయ్యలేదు కదా.”

నా వాక్యమే. అతని నోట్లో వేరేగా వినిపించింది.

సవరణ రాయడానికి కూర్చున్నాను. మొదటిది: ‘సాంకేతిక కారణాల వల్ల కొందరి వివరాలు బయటకు వెళ్లే అవకాశం ఏర్పడింది.’ కొట్టేశాను. రెండోది: ‘వార్తతోపాటు ప్రచురితమైన ఫోటోలో ఫోను నంబర్లు కనిపించాయి.’ ఎవరు తీసిన ఫోటో? కొట్టేశాను. మూడోది సగంలో ఆపి, సత్యకుమారికి మూడూ చదివి వినిపించాను.

“వేరే రిపోర్టరు ఇలా చేస్తే మీరు ఏం రాసేవారు?” అంది.

అది రాశాను. ఐదు నిమిషాలు పట్టింది.

గణేష్‌బాబు గంట తరువాత ఫోను చేశాడు. “ఇది వేస్తే మీ విలేకరి కార్డు సంగతి నేను చెప్పలేను సార్.” వేయమన్నాను. పైవాళ్లను అడుగుతానన్నాడు. రేపు మంగళవారం.

మే 20, మంగళవారం

సవరణ ఈ రోజు రాలేదు. పేపరు చేతిలో లేకుండానే చినదిబ్బపాలెం వెళ్లాను.

వలల షెడ్డులో కూర్చున్నారు. పెద్దలు ఆరుగురు ప్లాస్టిక్ కుర్చీల్లో, మిగతావాళ్లు ఇసుక మీద. మధ్యలో నాగదుర్గ నిలబడి ఉంది. పక్కన పాపాయి. నాకు కుర్చీ వేయబోయారు. పత్రికవాణ్ణి కదా, సాక్ష్యానికి వచ్చాననుకున్నారు.

“దుర్గా, నువ్వు ఎవరికిచ్చావో చెప్పెయ్. పోలీసుల దాకా ఎల్లం,” అని పల్లంరాజు మొదలుపెట్టాడు.

“ఇవ్వలేదు మావా. పదిసార్లు చెప్పాను.”

“మరి పేపర్లో పడింది గదే. రాజేంద్ర గారు ఊరికే రాస్తారా?”

అప్పుడు మాట్లాడాను. కూర్చోలేదు. సెల్‌ఫోనులో దాచుకున్న కాగితం ఫోటో, త్రిమూర్తులు పేరుతో నాకు వచ్చిన మెసేజ్, రెండూ చూపించాను. ఫోను చేతులు మారింది. దుర్గ కాగితాల్లో ఈ నంబర్లు లేవని, నా కాగితంలోనే ఉన్నాయని, దాన్ని ఊరందరికీ కనిపించేలా పెట్టించింది నేనేనని చెప్పాను. ఎంతసేపు పట్టిందో చూడలేదు.

మొదట నవ్వింది త్రిమూర్తులు.

“అంటే నాకు రావాల్సిన దొంగ మెసేజ్ కూడా మీకే వచ్చిందాండీ? నొక్కారేంటి?”

“నొక్కలేదు.”

“నొక్కుంటే బాగుణ్ణు,” అన్నారు వెనక నుంచి ఎవరో. కొందరు నవ్వారు. పల్లంరాజు నవ్వలేదు.

“మీకు తెలిసిన మొదటి రోజే చెప్పుంటే ఇంకోలా ఉండేది,” అన్నాడు. “మీకు ఎప్పుడు తెలిసిందండీ?”

ఆదివారం అనబోయాను.

“శుక్రవారం,” అన్నాను.

“శుక్రారం. ఆదివారం నాకు ఫోను చేసి మెసేజ్‌లు వచ్చాయా అనడిగారు. దుర్గే అన్నాను. సరే అన్నారు.”

“అన్నాను.”

కుర్చీలో నుంచి లేచి, షాపు తాళంచెవి పాపాయి చేతిలో పెట్టాడు. నాగదుర్గకు ఇవ్వలేదు, ఆమె మొహం కూడా చూడలేదు. సిగ్గుపడ్డ మనిషి అలాగే చేస్తాడు. ఇది నా ఊహ. మిగతాదంతా నేను చూసింది.

నాగదుర్గ నాతో ఒక్క మాటే అంది. “పేపర్లో పేరుతో వెయ్యండి. ఈసారి నాది, మీది రెండూ.”

మే 21

ఏడో పేజీ, కింద, ఆరు లైన్లు. ‘చినదిబ్బపాలెంలో ఆన్‌లైన్ కేంద్రం నడుపుతున్న నాగదుర్గకు ఈ మోసంతో సంబంధం లేదు. మా విలేకరి నిర్లక్ష్యం వల్ల...’ ఆమె పేరు ఉంది. నా పేరు తీసేశారు. గణేష్‌బాబు ఫోను ఎత్తడం లేదు.

మే 22, గురువారం

పేపరు తీసుకుని షాపుకు వెళ్లాను. బయట ఐదారుగురు ఉన్నారు. పని ఉండి వచ్చినవాళ్లు సగం, చూడటానికి వచ్చినవాళ్లు సగం. పల్లంరాజు గోడ పక్కన నిలబడ్డాడు, లోపలికి రావడానికి మొహమాటపడుతూ.

నాగదుర్గ ఆరు లైన్లూ చదివింది.

“మీది లేదు.”

“రాసి పంపాను. తీసేశారు.”

“మీ దగ్గర అలాగే జరుగుతాదా? ఉండాల్సిన పేరు ఉండదు, అక్కర్లేని నంబరు ఉంటాది.”

కూర్చోమంది. పోలీసులకు ఇవ్వాల్సిన ఫిర్యాదులు, డబ్బు పోయిన ముగ్గురివీ, ఆమే టైపు చేస్తోంది. తాళం వేసినవాళ్లవే. డబ్బులు తీసుకుంటున్నావా అని పల్లంరాజు గోడ దగ్గర నుంచి అడిగాడు.

“తీసుకోక? ఇరవై రూపాయలు మావా, అందరికీ ఎంతో నీకూ అంతే. బయటెందుకు, లోపలికి రా, బోటు నంబరు చెప్పు.”

అతను లోపలికి వచ్చాడు.

ఆమె వేళ్లు వేగంగా కదిలాయి. తేదీ, సమయం, ఖాతా, పోయిన విడతలు నాలుగు. మెసేజ్ ఉన్నదున్నట్టు. ఒకచోట ఆగింది.

“వివరాలు బయటకి ఎలా వెళ్లాయో ఇక్కడ రాయాలండి. ఏం కొట్టమంటారు?”

పల్లంరాజు నా వైపు చూడకుండా ప్రింటరు వైపు చూశాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఏడో తేదీన, ఒక విలేకరి...

“ఒక విలేకరి కాదండి,” అంది, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. “పేరు.”

చెప్పాను.

“ఇంటిపేరుతో. గట్టిగా చెప్పండి, ఫ్యాను చప్పుడుకి వినపడట్లేదు.”

ఫ్యాను మరీ అంత చప్పుడు చేయడం లేదు. గుమ్మం దగ్గర ఉన్నవాళ్లందరికీ వినిపించేలా ఇంటిపేరుతో సహా మళ్లీ చెప్పాను. ఆమె అక్షరం అక్షరం కొట్టింది.